ఓడకు జరిగిన సన్మానం

గోగుల్లరేవులో ఏటి ఒడ్డున, దిమ్మల మీద, జగన్నాయకి అనే పాత తెరచాప ఓడ ఉండేది. అది ఉన్నంతకాలం దాన్ని పట్టించుకున్నవాళ్ళు ముగ్గురే. అది దాదాపు లేకుండా పోయేనాటికి దాన్ని కాపాడినందుకు సన్మానం పొందినవాళ్ళు ఊళ్ళో సగం మంది. ఈ రెంటి నడుమ ఏం జరిగిందో మంగతాయారుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మొదటి సన్మానానికి సరేనన్నది ఆమే.

మంగతాయారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఆమె తండ్రి ఆ ఓడకు తండేలు. ఇక్కడి ఉప్పూ బియ్యమూ ఎత్తుకుని కలకత్తా, రంగూన్ దాకా దాన్ని నడిపించిన పెద్ద. ఆయన పోయాక ఓడ సొంతదారులు కూడా ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఓడ మాత్రం పోలేదు. ఆదివారం వస్తే చాలు, మంగతాయారు ఒక పాత చీర నడుముకు బిగించి ఏటి ఒడ్డుకు వెళ్ళేది. వడ్రంగి పోతరాజు ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చేవాడు. తెరచాపలు కుట్టే మస్తాన్ చేపనూనె డబ్బాతో వచ్చేవాడు. పలకల సందుల్లో పీచు కూరి, గుగ్గిలం పూసి, పక్కలకు నూనె పట్టించి, మధ్యాహ్నానికి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఆ ఏడు వానలు ముందే దిగేలా ఉన్నాయి. పైన కప్పు లేకపోతే ఈసారి ఓడ నిలవదని ముగ్గురికీ తెలుసు. మంగతాయారు ఇస్త్రీ చీర కట్టుకుని సాగర వారసత్వ పరిరక్షణ ప్రాధికార సంస్థ జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి ఉపసంచాలకుడు పురంధర్ ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, చెప్పినదంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"తమ విజ్ఞప్తి సముచితమే తల్లీ. కానీ షెడ్డు అంటే నిర్మాణం. నిర్మాణం మా పరిధిలోకి రాదు. మాది పరిరక్షణ."

"వాన పడకుండా చూడడం కూడా రక్షణే కదండీ."

"అది రక్షణ. మాది పరిరక్షణ. ఆ ముందున్న 'పరి' ఉందే, మా శాఖంతా అందులోనే ఉంది." ఆయన కళ్ళు తెరిచాడు. "మా దగ్గరున్న పద్దు ఒక్కటే. స్ఫూర్తి ప్రదానం."

"అంటే ఏంటండి?"

"సన్మానం. ఓడను కాపాడుతున్న మిమ్మల్ని సన్మానిస్తే, ఆ స్ఫూర్తితో మరికొందరు కాపాడతారు. వాళ్ళను సన్మానిస్తాం. అలా ఓడ చుట్టూ ఒక స్ఫూర్తి వలయం ఏర్పడుతుంది. దాని ముందు షెడ్డెంత?"

మంగతాయారు వద్దని లేచి వచ్చేయవలసింది. రాలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకరి పెళ్ళి కబురు ఇంకొకరికి, ఒకరి ప్రమోషన్ ఇంకొకరికి కలిపి, తీగ మధ్యలోంచి తప్పుకున్న మనిషి ఆమె. తన పేరు మైకులో వినిపించడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. పదిమందీ చూస్తే షెడ్డు మాట ఎవరో ఒకరు ఎత్తకపోరని కూడా అనుకుంది. సరేనంది.

"మంచిది. మరి మీ ముగ్గురికీ నాయకులెవరు?" అన్నాడు పురంధర్, కలం తీసి.

"నాయకులెవరూ లేరండి. మాకు మేమే వెళ్తాం."

ఆయన కలం కింద పెట్టేశాడు. "నాయకుడు లేకుండా చేసినది సేవ కింద రాదమ్మా. అలవాటు కింద వస్తుంది. అలవాట్లకు సన్మానం చేస్తే రేపు కాఫీ తాగేవాళ్ళంతా వస్తారు. నాయకుల సంగతి మాకు వదిలేయండి."

వదిలేసింది. సంస్థవాళ్ళు వారం తిరక్కుండానే నాయకులను వెతికి పట్టుకున్నారు. రైసుమిల్లు బుల్లెబ్బాయిగారు కుర్రతనంలో ఒకసారి లాంచీ ఎక్కి, ఆపకుండా వాంతులు చేసుకుని దిగారు. అంచేత ఆయనకు సాగర అనుభవ నాయకత్వం. పళ్ళ డాక్టరుగారు మేడ కట్టినప్పుడు ఓడ కనిపించేలా కిటికీ పెట్టించుకున్నారు. అంచేత ఆయనకు దృష్టి నాయకత్వం. ముగ్గురు సేవకులకు డజను మంది నాయకులు తేలారు. తక్కువేనని పురంధర్ నొచ్చుకున్నాడు.

ఇక జ్ఞాపిక సంగతి వచ్చింది. జ్ఞాపిక వారసత్వ స్పృహ కలిగించేదిగా ఉండాలని నిబంధన. పురంధర్ స్వయంగా ఏటి ఒడ్డుకు వచ్చి, ఓడ చుట్టూ తిరిగి, పైకెక్కి, ఓడ మీద నడిచే పైతట్టులో చివికిన పలక ఒకదాన్ని చెప్పు కొనతో తట్టాడు.

"ఇదేమిటి?"

"అది పాడైపోయిందండి. తీసేసి కొత్తది ఎయ్యాలి," అన్నాడు పోతరాజు.

"తీసేయండి. తీసి మాకివ్వండి. జగన్నాయకి కర్రతోనే జగన్నాయకి షీల్డులు. ఇంతకంటే స్పృహ ఏముంటుంది?"

పోతరాజు మంగతాయారు వైపు చూశాడు. ఆమెకు ఆ మాట నచ్చింది. నాన్న నడిచిన చెక్క నాన్న కూతురింట్లో ఉంటే తప్పేముందనిపించింది. తల ఊపింది.

సన్మానం కల్యాణమండపంలో జరిగింది. ముందు నాయకులను సన్మానించారు. ఒక్కొక్క నాయకుడూ తన నాయకత్వం గురించి మాట్లాడాడు. సేవకుల వంతు వచ్చేసరికి జనం టిఫిన్ల దగ్గరికి పోయారు. ఖాళీ కుర్చీల ముందు మంగతాయారుకు శాలువా కప్పి షీల్డు ఇచ్చారు. దాని మీద ఇత్తడి రేకులో 'శ్రీమతి మంగ తయారు' అని ఉంది. మస్తాన్ అది చదివి, "సరిగ్గానే రాశారు తాయారమ్మగారూ, మీరు ఎప్పుడూ తయారే కదా," అన్నాడు. ఆమె నవ్వింది. ఇంటికి వెళ్ళాక షీల్డును టీవీ మీద పెట్టి, కొంచెం పక్కకు జరిపి, మళ్ళీ మధ్యకు జరిపింది. షెడ్డు మాట ఎవరూ ఎత్తలేదని ఆమెకు పడుకోబోయే ముందుగానీ గుర్తురాలేదు.

ఈ సన్మానం రాజధానిలో గొప్ప సంచలనం కలిగించింది. సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఏ జిల్లాలోనూ ఏ పనీ జరగలేదు. గోగుల్లరేవులో జరిగింది. వెంటనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఇకమీదట జిల్లాల్లో వారసత్వం ఎంత భద్రంగా ఉందో సన్మానాల సంఖ్యను బట్టి నిర్ణయించబడును.

ఊళ్ళో ఇంకో రకం సంచలనం. బుల్లెబ్బాయిగారి షీల్డు చూసి ఆయన తమ్ముడు మాట్లాడడం మానేశాడు. పళ్ళ డాక్టరుగారి ఎదురింటాయన తన కిటికీలోంచి కూడా ఓడ కనిపిస్తుందని, కాకపోతే కొబ్బరిచెట్టు అడ్డమని, చెట్టు కొట్టించి మరీ దరఖాస్తు పెట్టుకున్నాడు. చేపల పులుసు హోటలు యజమాని మత్స్య ప్రోత్సాహక నాయకత్వం అడిగాడు. ఉప్పు కొట్టాయన, ఈత నేర్పే మేష్టారు, వానొస్తే వీధి నీళ్ళలో పిల్లలకు కాగితప్పడవలు చేసిచ్చే ప్లీడరుగారు, ఇలా దరఖాస్తు పెట్టనివాడు లేడు. ఎవరినీ నిరుత్సాహపరచకూడదని సంస్థ విధానం. అందరూ నాయకులయ్యారు.

రెండో సన్మానానికి పైతట్టు మొత్తం పోయింది. మూడోదానికి పక్కపలకల మీద పడ్డారు. కోసేది పోతరాజే. "సేవకుడు కాక ఇంకొకరు కోస్తే అది ధ్వంసం కింద వస్తుంది," అన్నాడు పురంధర్.

ఒక ఆదివారం మంగతాయారు వెళ్ళేసరికి పోతరాజు రంపం ఒళ్ళో పెట్టుకుని ఓడ కింద కూర్చుని ఉన్నాడు.

"నావల్ల కాదండి. నేను మేకు కొట్టిన చోటే నన్ను కొయ్యమంటన్నారు. పక్కకి జరిగి కోత్తానంటే, లేదు, మేకుంటేనే షీల్డు బాగుంటదంటన్నారు."

"కొత్త కర్ర ఇస్తామని చెప్పలేకపోయావా?"

"చెప్పానండి. కొత్త కర్రతో పాత వారసత్వం ఇస్తే మోసం అవుద్దంట."

మంగతాయారు అటునుంచి అటే పురంధర్ ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో ఉయ్యాల మీద కూర్చుని తనకే జరగబోయే సన్మానానికి కృతజ్ఞతా ప్రసంగం సాధన చేస్తున్నాడు.

"ఆపించండి. ఓడ సగమైపోయింది," అంది ఆమె.

"సగమైపోలేదు తల్లీ, సగం చేరింది. ఒకేచోట ఉన్న వారసత్వం ఎంత ప్రమాదంలో ఉంటుందో మీరు ఆలోచించారా? తుఫానొస్తే ఒక్కదెబ్బకు పోతుంది. ఇప్పుడో? ఊరంతా ఉంది. తుఫాను ఎన్ని ఇళ్ళని ముంచుతుంది? దీన్ని వికేంద్రీకృత పరిరక్షణ అంటారు."

"వాన లోపలికి కారుతోందండి. కనీసం ఆ షెడ్డయినా..."

"షెడ్డెందుకమ్మా ఇంకా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఓడలో ఎక్కువ భాగం ఇళ్ళలోనే ఉంది. ఇళ్ళన్నిటికీ కప్పులున్నాయి. మీరు అడిగినదానికంటే పెద్ద కప్పే సమకూర్చాం."

మొదటి పలకకు తల ఊపింది తానేనని ఆమెకు గుర్తొచ్చింది. మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేసింది. ఆ రోజంతా టీవీ పెట్టలేదు.

శీతాకాలానికి పక్కటెముకల్లాంటి వంపు కర్రలు కూడా పోయాయి. తెరచాప కొయ్య నిలువునా చీలి, మంత్రిగారికీ, ఆయన పెద్దబ్బాయికీ, ఆయన వియ్యంకుడికీ చేరింది. అప్పుడు ఢిల్లీనుంచి కబురొచ్చింది, జాతీయ నిపుణుల బృందం ఓడను చూడడానికి వస్తోందని.

మంగతాయారు మొదట సంతోషించింది. ఇన్నాళ్ళకు ఎవరో కళ్ళున్నవాళ్ళు వస్తున్నారు, చూస్తే ఊరుకోరు అనుకుంది. పురంధర్ ఆమెనే పిలిపించి, దారి చూపించే బాధ్యత అప్పగించాడు. నిపుణులు ఏసీ బస్సులో వచ్చారు. బస్సు ఏటి ఒడ్డు వైపు తిరగనేలేదు. తిన్నగా మిఠాయి దుకాణం ముందు ఆగింది.

"ఇది ఓడ చుక్కాని," అన్నాడు పురంధర్, బల్లగా మారిన దాని మీద పరచిన జిలేబీలను చేత్తో పక్కకు నెడుతూ. నిపుణులు వంగి చూశారు. ఒకాయన వేలితో తాకి, వేలు నోట్లో పెట్టుకుని, బాగుందన్నాడు.

అక్కడినుంచి పళ్ళ డాక్టరుగారింటికి వెళ్ళారు. ఓడ ముందుభాగం ఆయన హాల్లో ఉంది. రోగులు దాని మీద కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. బుల్లెబ్బాయిగారింట్లో షీల్డు కనపడలేదు. వెతగ్గా వెతగ్గా వంటింట్లో దొరికింది. ఆయన భార్య దాన్ని బోర్లించి దాని మీద బెండకాయలు తరుగుతోంది.

"వెనకవైపు నునుపుగా ఉందని," అందావిడ తడబడుతూ.

"వాడుకలో ఉన్న వారసత్వం," అని రాసుకున్నాడు బృంద నాయకుడు.

ప్రతి ఇంటి దగ్గరా మంగతాయారు చెప్పాలి. ఇది ఎడమపక్క మూడో వరస పలక అండీ. దీని కింద మా నాన్న పడుకునేవారండీ. ఇక్కడ ఆ నల్లమచ్చ ఆయన దీపం పెట్టుకున్న చోటండీ. మొదట్లో ఆమె గొంతు వణికింది. కాసేపటికి వణకడం మానేసింది. ఎక్స్ఛేంజిలో లాగే, మధ్యలో తాను లేనట్టు చెప్పడం మొదలుపెట్టింది. చివరకు తట్టుకోలేక, "అయ్యా, అసలు ఓడ దగ్గరికి వెళ్దాం రండి. అక్కడ ఏం మిగిలిందో చూద్దురుగాని," అంది.

బృంద నాయకుడు ఆమె వైపు జాలిగా చూశాడు. "అమ్మా, ఓడను చూడాలంటే ఒకచోటికి పోవాలన్నది పాతకాలపు ఆలోచన. ఇక్కడ ఓడే ప్రజల దగ్గరికి వెళ్ళింది. ప్రపంచంలో ఎక్కడా ఇలా లేదు."

నెల తిరక్కుండా సంస్థకు జాతీయ పురస్కారం ప్రకటించారు. దాన్ని పురస్కరించుకుని గోగుల్లరేవులో మహాసన్మానం జరపాలని, అందులో ఇచ్చే జ్ఞాపికలకు ఓడలో మిగిలిన ఒకే ఒక్క భాగాన్ని, అంటే అడుగు దూలాన్ని వాడాలని తీర్మానించారు. ఓడకు వెన్నెముకలాంటిది ఆ దూలం. బర్మా టేకు. ఇంత జరిగినా దానికి చెదపురుగు పట్టలేదు.

అదే తీర్మానంలో ఇంకో అంశం కూడా ఉంది. ఏటి ఒడ్డున కాపాడడానికి ఏమీ లేనందున స్వచ్ఛంద సేవకుల విభాగం రద్దు చేయడమైనది. ముగ్గురినీ సభకు ప్రేక్షకులుగా సాదరంగా ఆహ్వానించడమైనది.

మంగతాయారు ఆహ్వానపత్రం పట్టుకుని పోతరాజు ఇంటికి వెళ్ళింది. మస్తాన్ అప్పటికే అక్కడున్నాడు.

"ఎల్లుండి సభ. ఆఖరున దూలాన్ని అక్కడే కోసి పంచడానికి బయటినుంచి మిషను తెప్పిస్తున్నారంట," అన్నాడు మస్తాన్.

"ఆ రోజు ఏటికి పోటు ఎప్పుడు?" అంది మంగతాయారు.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"సాయంత్రవేఁ అండి. సభ మాంచి రసకందాయంలో ఉంటది అప్పటికి," అన్నాడు పోతరాజు.

"ఆ దూలం తేలుతుందా?"

"ఊరికే తేలదండి. రెండుపక్కలా ఖాళీ డ్రమ్ములు కడితే తేలుద్ది." అతను గొంతు తగ్గించాడు. "మనల్ని పట్టుకుంటారేమోనండి."

"సేవకులని కూడా అనడం లేదుగా మనల్ని. ప్రేక్షకులం. ప్రేక్షకులు మధ్యలో లేచిపోవడం లోకంలో ఉన్నదే."

సభ రోజున ఏటి ఒడ్డునే వేదిక వేశారు. నాయకులందరికీ వేదిక మీదే కుర్చీ ఉండాలి. అంచేత వేదిక పెంచుతూ పోయారు. పెంచగా పెంచగా అది రేవు మెట్ల దాకా వచ్చింది. మంత్రిగారూ, సంస్థ అధ్యక్షుడూ, పురంధర్, నిపుణులు, బుల్లెబ్బాయిగారూ, ఆయనతో రాజీపడ్డ తమ్ముడూ, ప్లీడర్లూ, డాక్టర్లూ, వాళ్ళ వాళ్ళ అనుచరనాయకులూ అంతా పైనే. కింద ప్రేక్షకుల కోసం వేసిన వందల కుర్చీల్లో మంగతాయారు, పోతరాజు, మస్తాన్ మాత్రం ముందువరసలో కూర్చున్నారు. ప్రతి వక్తా "అశేష ప్రజానీకానికి నమస్కారం" అన్నప్పుడల్లా ముగ్గురూ తిరిగి నమస్కారం పెట్టారు.

వేదిక పక్కనే అడుగు దూలం పూలదండలు వేసుకుని పడి ఉంది. నాయకత్వం లేని సముద్రం ఎంత లోతుగా ఉన్నా వ్యర్థమేనని మంత్రిగారు చెబుతుండగా ఏరు పొంగడం మొదలైంది. మంగతాయారు చెంగు దోపుకుని లేచింది. వెనక మిగతా ఇద్దరూ లేచారు. పొదచాటున పెట్టిన డ్రమ్ములు దొర్లించుకొచ్చి, దూలానికి రెండువైపులా మోకులతో బిగించడం మొదలుపెట్టారు. దాపరికం ఏమీ లేదు. వేదిక మీద నాలుగొందల కళ్ళు వాళ్ళనే చూస్తున్నాయి.

ఎవరైనా అరుస్తారేమోనని మంగతాయారు మోకు బిగిస్తూనే వేదిక వైపు చూసింది. ఎవరూ అరవలేదు. మంత్రిగారు పురంధర్ వైపు వంగి ఏదో అడిగారు. తెలియదంటే తన నాయకత్వానికి మచ్చ. పురంధర్ గంభీరంగా తల పంకించాడు. ఆయనకు తెలిసే ఉంటుందని అధ్యక్షుడు అనుకున్నాడు. అధ్యక్షుడు చిరునవ్వు నవ్వడం చూసి మిగతావాళ్ళు కార్యక్రమంలో భాగమనుకున్నారు. రాజమండ్రినుంచి పిలిపించిన వ్యాఖ్యాత చాలా చురుకైన పిల్ల. మైకు అందుకుంది.

"ఇప్పుడు మీరు చూస్తున్నది మన పూర్వీకుల సముద్రయానానికి ప్రతీకాత్మక రూపం."

వేదిక అంతా చప్పట్లు కొట్టింది. పోతరాజు దిమ్మ కింద గునపం పెట్టి ఎత్తాడు. దూలం బురదలో జారి, ఒక క్షణం మొరాయించి, నీళ్ళలోకి దిగింది. చప్పట్లు ఇంకా పెద్దవయ్యాయి. ఫోటోలు తీసేవాళ్ళు మెట్లు దిగి వచ్చారు. మంగతాయారు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, దూలం మెల్లగా పైకి లేవడం చూసింది. నాన్న పోయిన తర్వాత దానికి ఏటి నీళ్ళు తగలడం అదే మొదలు. ఆమె దాని వీపు మీద చెయ్యి వేసి, చిన్నపిల్లలాగా ఎగిరి ఎక్కబోయి, రెండుసార్లు జారిపడి, మూడోసారి ఎక్కింది. వెనకే పోతరాజు, మస్తాన్ కూడా ఎక్కారు; మస్తాన్ గెడ వేశాడు.

మంత్రిగారు చెయ్యి ఊపారు. ఆమె కూడా ఊపింది.

అవతలి గట్టున గొల్లలంక. అక్కడ ఇప్పటికీ చిన్నాచితకా పడవలు కడతారు. వాళ్ళ సాయంతో దూలాన్ని ఒడ్డుకు లాగి దిమ్మల మీద నిలబెట్టారు. ఏ ఓడ కట్టడమైనా అడుగు దూలంతోనే మొదలవుతుంది గనక, ఓడలో చివరికి మిగిలింది అదే అయినందుకు మర్నాడు పోతరాజు ఎంతో తెరిపిన పడ్డట్టు కనిపించాడు. కొత్త కర్ర ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో మాట్లాడుకుంటూ కూర్చున్నారు. పిల్లలు దూలం చుట్టూ చేరి మంగతాయారును రంగూన్ గురించి అడిగారు. ఆమె చెప్పింది. అక్కడ మధ్యలో తాను లేనట్టు చెప్పనక్కర్లేకపోయింది.

కొన్నాళ్ళకు పురంధర్ పడవలో ఏరు దాటి వచ్చాడు. కేసు పెడతాడనుకున్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ప్రతీకాత్మక సముద్రయానం పైన అందరికీ నచ్చింది తల్లీ. ఇప్పుడు పునర్నిర్మాణ నాయకత్వం అని కొత్త విభాగం పెట్టాం. ఓడ కట్టకముందే నాయకులు కుదిరిపోయారు. మొదటి ఫోటో ఇక్కడే." ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఫోటోగ్రాఫరు నీళ్ళంటే భయమని అవతలి గట్టునే ఆగిపోయాడు.

అప్పుడే పోతరాజు, మస్తాన్ మొదటి వంపు కర్రను దూలం మీదకు ఎక్కిస్తున్నారు. ఒకవైపు ఇద్దరూ పట్టుకున్నా రెండోవైపు జారుతోంది. మంగతాయారు దాన్ని భుజంతో ఆపి, నుదుటి చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేక, పురంధర్ వైపు చూసింది.

"ఇటు పట్టుకోండి, బాబూ."

"నేనా?" ఆయన కంగారుపడ్డాడు. "ఏ హోదాలో పట్టుకోమంటారు?"

"రెండు చేతులతో పట్టుకోండి. జారుతోంది."

పురంధర్ ఇటూ అటూ చూశాడు. చెప్పడానికి నాయకుడు లేడు, రాసుకోవడానికి గుమాస్తా లేడు. కర్ర మాత్రం నిజంగానే జారుతోంది. ఆయన వాచీ తీసి జేబులో వేసుకుని, వంగి పట్టుకున్నాడు. అది ఆయన అనుకున్నదానికంటే చాలా బరువుగా ఉంది.

"ఇంకాస్త ఎత్తండి," అని కసిరాడు పోతరాజు.

ఆయన ఎత్తాడు.